ముర్రుపాలు పారబోయకండి

"పాలు పడలేదు సిస్టర్, డబ్బాపాలు రాసియ్యండి." కాన్పయిన పూటే బాలింత పక్కనున్నవారు అనే మాట ఇది. నిజానికి పాలు ఉన్నాయి. మొదటి రెండు మూడు రోజులు చిక్కగా, పసుపు రంగులో, కొద్దికొద్దిగా వచ్చే ముర్రుపాలే అవి. మొదటి రోజు బిడ్డ కడుపుకు ఒక్కోసారి ఒక చెంచాడు చాలు. రోగాలను తట్టుకునే శక్తి వీటిలో ఎక్కువ. వీటిని పిండి పారబోసి చక్కెర నీళ్లు, తేనె నాకించడం మానాలి. తేనె అయితే ఏడాది నిండే వరకు వద్దే వద్దు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి సుమారు 37 మందే. అదే సర్వేలో కరీంనగర్ జిల్లా కాన్పుల్లో 80 శాతానికి పైగా ఆపరేషన్లే. ఆపరేషనైతే పాలివ్వకూడదన్నది ఉత్త అపోహ. నడుముకు మత్తు సూది ఇచ్చి చేస్తే తల్లి మెలకువగానే ఉంటుంది. తల్లీబిడ్డా బాగుంటే, ఒకరు సాయం పడితే గంటలోపే పాలు పట్టించవచ్చు. కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను చంక కింద పట్టుకోవాలి.

అసలు కిటుకు పట్టులో ఉంది. బిడ్డ నోరు బాగా తెరిచాక చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి పోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి. నొప్పి పెడుతుంటే పట్టు సరిగా లేదన్నమాట. చిటికెన వేలు బిడ్డ నోటి మూలలో పెట్టి విడిపించి, మళ్లీ పట్టించండి. రాత్రింబవళ్లు కలిపి 8 నుంచి 12 సార్లు ఇవ్వాలి. బిడ్డ ఎంత చీకితే అంత పాలు ఊరతాయి. డబ్బాపాలు పట్టినకొద్దీ చీకడం తగ్గి, పాలూ తగ్గుతాయి. ఈ ముక్క అత్తమ్మలు కూడా వినాలి.

రామగుండం, మంచిర్యాల ఎండలకు "బిడ్డ నాలుక ఎండుతోంది, గుక్కెడు నీళ్లు పోద్దాం" అనిపిస్తుంది. తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. ఆరు నెలలు నిండే వరకు వేరే నీళ్లు అక్కర్లేదు. తాగాల్సింది తల్లి. ఐదో రోజు నుంచి బిడ్డ రోజుకు ఆరుసార్లైనా మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. ఆరు నెలలు నిండాక మెత్తటి పప్పన్నం మొదలుపెట్టి, పాలు మాత్రం రెండేళ్ల వరకు ఇవ్వండి.

సిరిసిల్ల, కోరుట్ల వైపు బీడీలు చేసే తల్లులకు ఒక మాట. పాలిచ్చే ముందు చాట పక్కన పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కొని, చీర మీది తంబాకు దులుపుకోండి. బిడ్డను చాట దగ్గర పడుకోబెట్టకండి.

బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, జ్వరం వచ్చినా, పాలకు కూడా లేవకుండా నిద్రపోతున్నా, ఇంటి చిట్కాలు చూస్తూ కూర్చోకండి. ఆ పూటే ఆస్పత్రికి తీసుకురండి.