కళ్లములో ధాన్యము, గింజలో తేమ



విశాఖపట్టణమునకు చుట్టునున్న చోడవరము, నర్సీపట్టణము ప్రాంతములలో వానకాలపు వరి సాధారణముగా నవంబరు, డిసెంబరు నెలలలో కళ్లమునకు చేరును. బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టు దినములును ఇంచుమించు అవియే. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన సంగతి మీరు మరచియుండరు. చేను కోసినంతమాత్రమున పంట చేతికి వచ్చినట్లు కాదు. గింజ ఆరిననాడే వచ్చినట్లు.

నూటికి 17 పాళ్లకు మించి తేమయున్న ధాన్యమును ప్రభుత్వపు కొనుగోలు నిబంధనలు సాధారణముగా అంగీకరింపవు. గాదెలో కొన్ని నెలలు నిలువ చేయవలెనన్నచో 14 పాళ్లకు దించవలెను. విత్తనమునకు 12 పాళ్లు మేలు.

22 పాళ్ల తేమగల 100 కిలోల ధాన్యమును 14 పాళ్లకు ఆర్చినచో ఎంత తరుగును? 8 కిలోలని తోచును గాని లెక్క అట్లు రాదు. అందులో పొడి పదార్థము 78 కిలోలు. ఆ 78 కిలోలు నూటికి 86 పాళ్లు కావలెనన్నచో మొత్తము సుమారు 90 కిలోల 700 గ్రాములుండవలెను. అనగా తరుగు 9 కిలోల 300 గ్రాములు. పోయినది నీరే. అయినను రైతు కంటికి తన కష్టమే తరిగినట్లు కనబడును. ఆ బాధను నేను కాదనను.

తడిగింజ కుప్పలో ఊరకుండదు. అది ఊపిరి పీల్చుచు వేడిని పుట్టించును. కుప్పలో మోచేతి వరకు చేయి పెట్టి చూచిన పెద్దలకు ఆ వెచ్చదనము తెలియును. పిదప బియ్యము పసుపువన్నె తిరుగును, బూజు పట్టును. వేరుసెనగలో ఈ బూజు మరింత ప్రమాదకరము. 1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోగా, కారణము వాటికి పెట్టిన వేరుసెనగ పిండిలోని బూజు విషమని తరువాత తేలినది. దానికే అఫ్లటాక్సిను అని పేరు. అది వండినను పూర్తిగా నశింపదు. కనుక వేరుసెనగ కాయలను 8 పాళ్ల తేమ వరకు ఆర్చవలెను.

అట్లని వరిని మండుటెండలో పలుచగా పరచి ఒక్కపూటలో ఆర్చుటయు తప్పే. గింజ పైభాగము ముందుగా ఎండి ముడుచుకొనును, లోభాగము ఇంకను తడిగా ఉబ్బియుండును. ఆ పెనుగులాటలో గింజ నడుమ సన్నని బీట పడును. కంటికి కనబడదు, మరలో వేయగానే నూకయై బయటపడును. ఆరిన గింజ రాత్రి మంచును త్రాగి మరల ఉబ్బినను ఇట్లే పగులును. నూకలెక్కువైనవని మరవానిని నిందించు ముందు ఆ ధాన్యము ఏ రాత్రి మంచులో పండుకొన్నదో విచారించుట న్యాయము. తారురోడ్డు మీద ఆరబోయు అలవాటు నాకు నచ్చదు. తారు మితిమీరి కాగును, రాళ్లు కలియును, బండి చక్రము క్రింద గింజ నలుగును, రాత్రివేళ వాహనములకు ప్రమాదమును కలదు.

బరకము పరచి, రెండు మొదలు నాలుగు సెంటీమీటర్ల మందమున ధాన్యము పోసి, అరగంటకొకసారి కాళ్లతోనో పలుగుకఱ్ఱతోనో త్రిప్పుచుండవలెను. మిట్టమధ్యాహ్నము గింజ చేతికి చుఱుక్కుమన్నప్పుడు కొంతసేపు కప్పవలెను. విత్తనపు గింజ వేడి 42 డిగ్రీలు దాటినచో మొలక చెడును. ప్రొద్దు గూకకముందే కుప్పచేసి కప్పవలెను. సముద్రపుగాలి వీచు మన తీరమున ఇది మరింత ముఖ్యము. ఏలయనగా గాలిలోని తేమకు తగినట్లు గింజ నీటిని విడుచుచును, పీల్చుచును ఉండును.

తేమ కొలుచు యంత్రము లేనివారికి ఒక ఉపాయము కలదు. పొడి గాజుసీసాలో కొంచెము ఎండిన ఉప్పును, గుప్పెడు ధాన్యమును వేసి మూతపెట్టి బాగుగా కుదిపి, కొంతసేపు ఉంచి చూడుడు. ఉప్పు గోడలకంటినచో తేమ 15 పాళ్లకు మించియున్నది. పొడిగా రాలినచో నిలువకు దగ్గరైనది.

ఇక మన్యపు పసుపు మాట. పాడేరు ప్రాంతమున కొమ్ములను ముందు ఉడికించి, పిమ్మట పది పదునైదు దినములు ఎండబెట్టుదురు. ఉడుకుటచే రంగు కొమ్మంతట సమముగా ప్రాకును, ఆరుటయు త్వరపడును. ఉడుకు మించినచో రంగు చెడును. చక్కగా ఎండిన కొమ్మును విరిచినపుడు లోహము మ్రోగినట్లు టక్కుమనును. మెత్తగా వంగినచో మరి రెండెండలు కావలెను.