చలి వేరు, చల్లన వేరు

కుండలో నీళ్లు చల్లగా ఉన్నాయంటాం గాని చలిగా ఉన్నాయని ఎవరూ అనరు. పుష్యమాసం తెల్లవారుజామున దుప్పటి ముసుగుపెట్టినవాడు మాత్రం "చలేస్తోంది" అంటాడు. చలి ఒంటికి బాధ, చల్లన ఒంటికి హాయి. మబ్బు పట్టిన పూట ఒకరు "చల్లగా ఉంది" అంటే వారికి అది నచ్చిందని అర్థం. "చలిగా ఉంది" అంటే అది ఫిర్యాదే.

రెంటచింతల వంటి ఊళ్లో ఒక వేసవి గడిపినవారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు. ఎండలు మండే నేల కనుకనే మన దీవెనల్లో ఈ మాటకు అంత చోటు దొరికింది. పెద్దలు "చల్లగా ఉండు నాయనా" అంటారు. తెలంగాణ పల్లెల్లో అదే "సల్లగుండు బిడ్డా". కడుపు చల్లగా ఉండాలంటే బిడ్డలు బాగుండాలని. వెన్నెల చల్లన, తల్లి చూపు చల్లన. దాహానికి నీళ్లిచ్చే పందిరి చలివేంద్రం, అత్తవారింటికి వెళ్లే ఆడపిల్లతో పంపేది చలిమిడి. ఈ రెండింటిలో చలి కూడా మంచిదైపోయింది! ఇక పంచాయితీ తేలే వేళకు "చల్లగా జారుకున్నాడు" అంటే, అక్కడ హాయి జారుకున్నవాడిదే.

అయితే ఈ మాట అన్నిచోట్లా దీవెన కాదు. పొద్దు చల్లబడితే మంచిదే. ఒళ్లు చల్లబడిందంటే ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడతారు. పురిటిబిడ్డ పొట్ట, పాదాలు చల్లగా తగిలితే అది ప్రమాద సూచన. చంకలో ఉష్ణోగ్రత 36.5 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే బిడ్డ చల్లబడుతున్నట్టే లెక్క. వెంటనే తల్లి రొమ్ముకు ఒంటికి ఒళ్లు తగిలేలా హత్తుకుని, పైన దుప్పటి కప్పి, పాలు పట్టి, అలాగే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. పుట్టిన బిడ్డకు 24 గంటల దాకా స్నానం పోయవద్దని వైద్యులు చెప్పేది కూడా ఇందుకే.

పైరు సంగతీ అంతే. వరికి వచ్చే అగ్గితెగులు పేరులో నిప్పుంది గాని, అది చెలరేగేది చల్లటి రోజుల్లోనే. రాత్రి వేడి 20 డిగ్రీల దరికి దిగి, మబ్బు కమ్మి, ఆకు మీద మంచు పొద్దెక్కేదాకా ఆరకపోతే దానికి అనువు. వాతావరణం చల్లగా, హాయిగా ఉందని అరుగు మీదే కూర్చోకుండా, ఆ రోజుల్లో ఒకసారి గట్టు మీదికి వెళ్లి ఆకులు చూడాలి. నూలుకండె ఆకారంలో, నడుమ బూడిదరంగు మచ్చలు కనిపిస్తే ముందుగా యూరియా చల్లడం ఆపాలి.