ఓడ ఎక్కిన నలుగురు పిల్లలు

తల్లి నిజం, తండ్రి నమ్మకం అంటారు పెద్దలు. ఆ నమ్మకం సడలినందుకే నలుగురు పసివాళ్లు సముద్రం దాటాల్సి వచ్చింది. వారిలో ముగ్గురు అవతలి ఒడ్డున తొలి చలికాలాన్నే దాటలేకపోయారు. మిగిలిన ఒక్కడి సంతతి మాత్రం నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా అదే ప్రశ్న వేసుకుంటోంది... అతని తండ్రి ఎవరు?

1620లో ఇంగ్లండ్ నుంచి అమెరికాకు బయలుదేరిన 'మేఫ్లవర్' ఓడలో 102 మంది ప్రయాణికులున్నారు. మతస్వేచ్ఛ కోసం కొందరు, బతుకుతెరువు కోసం మరికొందరు ఇల్లూ ఊరూ వదిలి వచ్చారు. ఎల్లెన్, జాస్పర్, రిచర్డ్, మేరీ అనే నలుగురు అక్కాతమ్ముళ్లు మాత్రం అమ్మానాన్నలు లేకుండా ఎక్కారు. పెద్దదానికి ఎనిమిదేళ్లు, చిన్నదానికి నాలుగు. ఎవరి పిల్లలు? ఎందుకొచ్చారు? ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా ఎవరికీ తెలియదు. లండన్ వీధుల్లో దొరికిన అనాథలై ఉంటారనే అనుకున్నారు.

అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. ఆ వలస గవర్నర్ విలియం బ్రాడ్‌ఫోర్డ్ తన చరిత్రలో ఈ పిల్లలను ఎవరెవరికి అప్పగించారో రాశాడు తప్ప, వాళ్లెవరి బిడ్డలో రాయలేదు. పైగా చిన్నారి మేరీని రిచర్డ్ తమ్ముడిగా పొరబడ్డాడు. రిచర్డ్ కూడా డెబ్బై ఏళ్ల వయసులో, 1684లో ఇచ్చిన ఒక వాంగ్మూలంలో తాను లండన్‌లో థామస్ వెస్టన్ అనే వ్యాపారి ఇంటి నుంచి అమెరికా వచ్చానని మాత్రమే చెప్పాడు. అంతకుముందు సంగతి చెప్పలేదు.

అటక మీది కాగితం

చిక్కుముడి 1959లో వీడింది. ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌కు చెందిన జాస్పర్ మోర్ అనే పెద్దమనిషి, వంశచరిత్రల్లో దిట్ట అయిన తన మిత్రుడు ఆంథొనీ వాగ్నర్ ప్రోద్బలంతో ఇంటి అటక మీది పాత కాగితాలు వెదికాడు. 1622 నాటి పత్రం ఒకటి చేతికొచ్చింది. అతని పూర్వీకుడు శామ్యూల్ మోర్ తన మీద భార్య చేసిన ఫిర్యాదుకు ఇచ్చుకున్న సంజాయిషీ అది. అందులో ఉంది ఆ నలుగురు పిల్లల కథ!

శామ్యూల్‌కు 1611లో పెళ్లయింది. అప్పటికి పదహారేళ్లు. పెళ్లికూతురు కేథరిన్ వేలువిడిచిన బంధువే, అతనికంటే పెద్దది. లార్డెన్ ఎస్టేటు చేయి జారిపోకుండా పెద్దలు కుదిర్చిన సంబంధం. వరుసగా నలుగురు పిల్లలు పుట్టారు. షిప్టన్ చర్చి రిజిస్టరులో బాప్టిజం వివరాలన్నీ ఉన్నాయి. కానీ పిల్లల ముఖాల్లో శామ్యూల్‌కు తన పోలిక కనిపించలేదు. జేకబ్ బ్లేక్‌వే అనే కౌలుదారు కనిపించాడు! తనకు శామ్యూల్ కంటే ముందే జేకబ్‌తో పెళ్లి మాట అయిందని కేథరిన్ వాదించింది. రుజువు చేయలేకపోయింది.

కోర్టుల చుట్టూ తిరిగాక దంపతులు విడిపోయారు. పిల్లల్ని శామ్యూల్ తన తండ్రి కౌలుదారు ఇంట్లో ఉంచితే, కేథరిన్ అక్కడికీ వెళ్లి వాళ్లను తెచ్చుకోవాలని పెనుగులాడింది. 1620లో శామ్యూల్ ఆ నలుగురినీ మేఫ్లవర్ ఎక్కించాడు. ఏడేళ్లు తిండీ బట్టా పెట్టి పోషించాలి, గడువు తీరాక తలా 50 ఎకరాలివ్వాలి... ఇదీ ఒప్పందం. పిల్లల్ని ఎక్కడికి పంపారని కన్నతల్లి న్యాయమూర్తిని ఆశ్రయించింది. అప్పటికే ఆలస్యమైంది.

మిగిలింది ఒక్కడే

నవంబరు 11న ఓడ కేప్ కాడ్ దగ్గర లంగరు వేసింది. మరో రెండ్రోజులకు రిచర్డ్ బాప్టిజానికి సరిగ్గా ఆరేళ్లు. డిసెంబరులో జాస్పర్ ఓడలోనే కన్నుమూశాడు. ఎల్లెన్, మేరీలూ ఆ తొలి చలికాలంలోనే పోయారు. ఓడలో వచ్చినవారిలో దాదాపు సగం మందిది అదే గతి.

రిచర్డ్ బతికాడు. పెరిగి ఓడ కెప్టెనయ్యాడు. 1636లో పెళ్లి చేసుకుని, సేలంలో స్థిరపడి, పిల్లల్ని కన్నాడు. ఎనభై ఏళ్ల దాకా జీవించాడు. సేలంలోని చార్టర్ స్ట్రీట్ శ్మశానంలో అతని సమాధిరాయి ఇప్పటికీ ఉంది.

తేలింది సగమే

తల్లి ఎవరో తేలింది. ఆ శాఖను పట్టుకుని వెనక్కి వెళ్లిన పరిశోధకులు ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ దాకా చేరుకున్నారు. వీధిబాలుడనుకున్నవాడికి రాచరక్తం! తండ్రి దగ్గరే దారి రెండుగా చీలుతుంది. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డకు భర్తే తండ్రి అంటుంది చట్టం. రిజిస్టరూ శామ్యూల్ పేరే చెబుతుంది. శామ్యూల్ మాత్రం కాదంటాడు. అయితే అటక మీద దొరికింది అతని వాదన. తన నిర్ణయాన్ని సమర్థించుకోవడానికి రాసుకున్నది. ముఖాల పోలిక సాక్ష్యమే గానీ రుజువు కాదు.

డీఎన్ఏ పరీక్షతో తేలదా అంటే, వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది. రిచర్డ్ వైపు ఒకటి, శామ్యూల్ రెండో పెళ్లి సంతానం వైపు ఒకటి... ఇలా మధ్యలో ఎక్కడా కూతురు లేకుండా కొడుకుల మీదుగానే దిగివచ్చిన రెండు శాఖలు ఉంటేనే పోల్చి చూడగలం. నాలుగు వందల ఏళ్ల పాటు అలా తెగకుండా సాగడం అంత తేలిక కాదు.

అందుకే వంశవృక్షం గీసుకునే రిచర్డ్ వారసులు తల్లి గడిలో కేథరిన్ పేరు ధైర్యంగా రాసుకోవచ్చు. తండ్రి గడి దగ్గరకొచ్చేసరికి కలం ఆగుతుంది. పిల్లల కోసం చివరిదాకా కొట్లాడింది ఎవరన్న దాంట్లో మాత్రం ఏ అనుమానమూ లేదు.