అతనినే అడగండి
(రేడియో ప్రసంగము)

ఈ దినమున కంటిచూపు లేనివారి జీవితమును గూర్చి వాక్యపు వెలుగులో కొన్ని సంగతులు ఆలోచించుకొందము. చూపులేని వ్యక్తి తన కాళ్లమీద తాను నిలబడి నిండైన జీవితము జీవించగలడా? అందుకు ఏమి కావాలి? సంఘముగా మన బాధ్యత ఏమిటి?

యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టుకతోనే చూపులేని ఒక మనుష్యుని చూస్తాము. అతడు కనబడగానే శిష్యులు అడిగినది, పాపము ఎవరిది, ఇతనిదా, ఇతని తల్లిదండ్రులదా అని. ఇద్దరిదీ కాదని ప్రభువు స్పష్టముగా చెప్పాడు. గనుక "ఏ పాపము చేశారో" అనే మాట విశ్వాసి నోట రాకూడదు.

తరువాత యూదులు ఆ తల్లిదండ్రులను పిలిపించి ప్రశ్నించారు. సమాజమందిరములో నుండి వెలివేస్తారని భయపడి వారు తప్పించుకొన్నారు. మా కుమారుడు ఎదిగినవాడు, అతనినే అడగండి, తన సంగతి తానే చెప్పుకొంటాడు అన్నారు. భయముతో చెప్పినా ఆ మాట మాత్రము సత్యమే. అడిగినప్పుడు ఆ మనుష్యుడు పరిసయ్యుల ముందు తడబడలేదు. వారికి జవాబు లేకుండా మాట్లాడాడు.

మార్కు సువార్త 10వ అధ్యాయములో బర్తిమయిని చూడండి. జనులు అతనిని ఊరకుండుమని గద్దించారు. ప్రభువు ఆగి, అతనిని పిలిపించి, నీకు నేను ఏమి చేయాలని అడిగాడు. అతనికి చూపు లేదన్న సంగతి అందరికీ తెలుస్తూనే ఉన్నది. అయినా ప్రభువు అడిగాడు. అతని కోరికను అతని నోటనే విన్నాడు.

మనము ఏమి చేస్తున్నాము? పెండ్లి విందులో చూపులేని సహోదరుని ప్రక్కన కూర్చున్నవారిని, "ఈయనకు సాంబారు వేయమంటారా?" అని అడుగుతాము. లేనిది చూపు మాత్రమే. చెవులు ఉన్నవి, బుద్ధి ఉన్నది, ఇష్టాయిష్టములు ఉన్నవి. చాలాసార్లు మనిషిని కృంగదీసేది చీకటి కాదు, తన బదులు అందరూ మాట్లాడటమే.

ప్రియ శ్రోతలారా, స్వతంత్రముగా బ్రతకడము చూపులేనివారికి ఏదో అద్భుత శక్తివలన వచ్చేది కాదు. అది నేర్చుకొనే విద్య. నేర్పేవారు ఉంటే వస్తుంది.

మొదటిది, చదువు. ఫ్రాన్సు దేశములో 1809లో పుట్టిన లూయీ బ్రెయిలీ మూడేళ్ల వయసులో తండ్రి పనిచేసే తోలు సామాను కొట్టులో కంటికి గాయమై, క్రమముగా రెండు కండ్ల చూపు పోగొట్టుకొన్నాడు. పదిహేనేళ్లకే ఆరు చుక్కలతో వ్రేళ్ల కొనలతో చదివే లిపిని తయారుచేశాడు. పెద్దవాడైన తరువాత పారిసులో ఉపాధ్యాయుడుగాను, దేవాలయములో ఆర్గాను వాయించేవాడుగాను పనిచేశాడు. మన దేశములో అంధుల కొరకు మొదటి పాఠశాలను 1887లో అమృత్‌సర్‌లో ఆనీ షార్ప్ అనే మిషనరీ స్థాపించారు. భారతీయ భాషలన్నిటికీ ఒకే పద్ధతిలో ఉండే భారతీ బ్రెయిలీ 1951లో వచ్చినది. తెలుగు కూడా ఆ చుక్కలలోనే చదువుతారు.

నేడు మామూలు ఆండ్రాయిడ్ ఫోనులోనే టాక్‌బ్యాక్ అనే సదుపాయము ఉన్నది. తెర మీద వ్రేలు పెట్టినచోట ఏమున్నదో అది చదివి వినిపిస్తుంది. కంప్యూటరులో ఇదే పని చేసే ఎన్‌.వి.డి.ఎ.ను 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని యువకులే మొదలుపెట్టారు. అది ఉచితముగా దొరుకుతుంది.

రెండవది, నడక. తెల్ల కర్ర జాలి పుట్టించే గుర్తు కాదు, అది పనిముట్టు. రెండవ ప్రపంచ యుద్ధములో చూపు పోగొట్టుకొన్న సైనికుల కొరకు అమెరికాలో రిచర్డ్ హూవర్ దానిని వాడే పద్ధతిని రూపొందించారు. కుడి కాలు ముందుకు వేసినప్పుడు కర్ర కొన ఎడమ వైపున నేలను తాకుతుంది, ఎడమ కాలు వేసినప్పుడు కుడి వైపున తాకుతుంది. అంటే తరువాతి అడుగు పడబోయే చోటును కర్ర ముందే పరీక్షిస్తుంది. గుంట, మెట్టు, రాయి అన్నీ చేతికి తెలుస్తాయి.

మూడవది, ఇంటి పని, డబ్బు వ్యవహారము. నూనె కాగినదో లేదో పోపు చిటపటలే చెబుతాయి. ఉప్పు డబ్బాకు రబ్బరు బ్యాండు చుడితే చక్కెర డబ్బాతో పొరపాటు రాదు. వస్తువు తీసినచోటనే పెట్టడము ఇంటిల్లిపాది పాటించవలసిన నియమము. కొత్త నోట్లలో వందకు నాలుగు, ఐదు వందలకు ఐదు ఉబ్బెత్తు గీతలు అంచున ఉంటాయి. రెండు వందలకు నాలుగు గీతల మధ్య రెండు చిన్న వలయములు ఉంటాయి. పాత నోట్లకు గీతలు అరిగిపోతే, రిజర్వు బ్యాంకు 2020లో విడుదలచేసిన 'మణి' అనే యాప్ ఫోను కెమెరాతో నోటు విలువ చెబుతుంది.

ఇన్ని మార్గములు ఉండగా, అనేకులు ఇంకా ఇంటి మూలన ఎందుకు కూర్చున్నారు? ధర్మశాస్త్రము దీనికి జవాబు ఇస్తున్నది. లేవీయకాండము 19:14లో, చూపులేనివాని యెదుట అడ్డము వేయకూడదని దేవుడు ఆజ్ఞాపించాడు. ఆ ఆజ్ఞ చూపులేనివారికి కాదు, చూపున్నవారికి. అడ్డము రాయే కానక్కరలేదు. ఒక నియమము కావచ్చు, ఒక మాట కావచ్చు.

మచిలీపట్నము దగ్గర పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ గారి సంగతి మీలో అనేకులు వినియుంటారు. పదవ తరగతి తరువాత సైన్సు చదవాలనుకొంటే, చూపులేనివారికి ఆ అవకాశము లేదన్నారు. ఆయన న్యాయస్థానమునకు వెళ్లి అనుమతి పొందారు. తరువాత అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి, వికలాంగులకు పని కల్పించారు. ఆయనకు తెలివి ముందే ఉన్నది. తీయవలసినది అడ్డము మాత్రమే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము కొన్ని అడ్డములను తీసినది. చట్టము గుర్తించిన మేరకు వైకల్యమున్న పిల్లలకు 6 నుండి 18 సంవత్సరముల వరకు ఉచిత విద్య హక్కు. ప్రభుత్వ ఉద్యోగములలో 4 శాతము కేటాయింపులో 1 శాతము అంధులకు, చూపు మందగించినవారికి.

సంఘములో తీయవలసిన అడ్డములు మన చేతిలోనే ఉన్నవి. చూపులేని సహోదరుని పలకరించేటప్పుడు మీ పేరు చెప్పండి. వెళ్లేటప్పుడు వెళ్తున్నానని చెప్పండి. చేయి పట్టి లాగవద్దు. సహాయము కావాలా అని అడిగి, కావాలంటే మీ మోచేయి అందించండి. ఆయన దానిని పట్టుకొని అర అడుగు వెనుక నడుస్తారు. మెట్లు వస్తే ఎక్కడమా, దిగడమా చెప్పండి. కుర్చీ వెనుక భాగము మీద ఆయన చేయి ఉంచితే చాలు, తానే కూర్చుంటారు. ఆదివారపు పాటలు, వాక్యభాగము ముందుగానే ఫోనుకు పంపండి. ఆయనను పేరు పెట్టి పిలవండి. సువార్తికుడు బర్తిమయి పేరును వ్రాసిపెట్టాడు గదా!

పని కూడా అప్పగించండి. ఆరు వారముల పసిపాపగా ఉన్నప్పుడే చూపు పోయిన ఫానీ క్రాస్బీ అంధుల పాఠశాలలో చదివి, అక్కడే ఉపాధ్యాయురాలై, 1915లో మరణించేలోపు 8,000కు పైగా కీర్తనలు వ్రాసినది. సంఘము ఆమెకు పెట్టినదానికంటె ఆమె సంఘమునకు పెట్టినది ఎక్కువ. మీ సంఘములోని చూపులేని విశ్వాసి సండేస్కూలులో బోధించగలరు, కమిటీలో కూర్చుని ఆలోచన చెప్పగలరు. పాట పాడించి కానుక చేతిలో పెట్టి పంపవద్దు.

స్వస్థత కొరకు ప్రార్థన చేయండి, కానీ ముందుగా అతనినే అడగండి. చూపు రాలేదని అతని విశ్వాసమును నిందించవద్దు. అపొస్తలుడైన పౌలు మూడుసార్లు వేడుకొన్నా ముల్లు తొలగలేదు, కృప మాత్రము అతనికి చాలినది.

తల్లిదండ్రులారా, బిడ్డకు చూపు సరిగా లేదనిపిస్తే ఆలస్యము చేయక కంటి వైద్యునికి చూపించండి. శుక్లము వంటివాటికి శస్త్రచికిత్స ఉన్నది. చూపు రాదని వైద్యులు చెబితే, ప్రార్థన చేస్తూనే బడికి పంపండి. అద్భుతము కొరకు కనిపెడుతూ చదువు ఆపవద్దు. పెద్ద వయసులో చక్కెర వ్యాధివలన చూపు పోయినవారు కూడా కర్ర నడక, ఫోను వాడకము నేర్చుకోవచ్చును. హైదరాబాదులోని ఎల్‌.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల ఇటువంటి పునరావాస సేవలు ఉన్నవి.

ఈ ప్రసంగము వింటున్న చూపులేని సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు మీ ప్రక్కనున్నవారిని కాదు, మిమ్మును అడుగుతున్నాడు. ఆయనతో మీరే మాట్లాడండి.

ప్రార్థన చేసుకొందము. పరలోకపు తండ్రీ, నీవు చేసిన ప్రతి మనిషిలోను నీ స్వరూపమును గుర్తించే మనస్సు మాకు దయచేయుము. మా మాటల వలన, మా అలవాటుల వలన ఎవరి త్రోవలోనైనా మేము అడ్డము వేసియుంటే దానిని తీసివేసే బలము ఇమ్ము. చూపులేని నీ బిడ్డలకు విద్యను, పనిని, స్నేహితులను అనుగ్రహించుము. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ. ఆమేన్.