మీకు తెలుసా? తలల లెక్క ఒక్కటే చాలదు!

ఈతమొక్కను పోలిన సైకస్ బెడ్డోమి తిరుపతి, కడప ప్రాంతపు కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. దీన్ని కాపాడాలంటే ఎన్ని మొక్కలున్నాయో లెక్కిస్తే సరిపోదు. ఎందుకంటే:

• ఆడ, మగ మొక్కలు వేర్వేరు. కాపుకొస్తేనే తేడా తెలుస్తుంది. అందుకే ప్రతి మొక్కకూ నంబరు బిళ్ల కట్టి, ఏటేటా దాన్నే పరిశీలించాలి.

• మందుల కోసం మగ శంకువులు కోసేస్తే పుప్పొడి అందదు, గింజ కట్టదు.

• కార్చిచ్చులో ఆకులు మాడినా ముదురు కాండం మళ్లీ చిగురిస్తుంది. లేత మొలకలు తట్టుకోలేవు. కాబట్టి పెద్ద మొక్కలు నిండుగా ఉన్నా, మొలకలు లేకపోతే ప్రమాదమే.

• సైకస్ జాతుల్లో, అంతరించే ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో, అంటే అత్యంత కఠిన రక్షణలో ఉన్నది ఇదొక్కటే. మన కొండల సొత్తును మనమే కాపాడుకోవాలి.