చలి తగ్గితే మామిడికేం?

విజయనగరం జిల్లాలో మామిడి తోటలున్న ఊళ్లలో సంక్రాంతి వేళ రైతు కొమ్మల చివర్లే చూస్తాడు. పూత వచ్చిందా, చిగురు వచ్చిందా? కొమ్మ చివరి మొగ్గ ఆ రెండింటిలో ఏదైనా కాగలదు. ఆకులు ముదిరాక కొన్ని వారాలు రాత్రులు చల్లగా ఉంటే పూత. వెచ్చగా ఉంటే లేత ఆకులు! అవి చూడ్డానికి ఎర్రగా, భలే అందంగా ఉంటాయి. కానీ కాయ కాయవు కదా.

రాత్రులు ఎందుకు వెచ్చబడతాయి? పగలు ఎండ తాగిన నేల, రాత్రి ఆ వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. బొగ్గు, పెట్రోలు మండించగా పెరిగిన కార్బన్ డయాక్సైడ్ అందులో కొంత పట్టి, మళ్లీ కిందికి పంపుతుంది. మబ్బులూ, బంగాళాఖాతం మీది తేమా అదే పని చేస్తాయి. పైగా మబ్బు, తేమ ఉంటే పూతకి తేనెమంచు పురుగు, బూడిద తెగులు బెడద ఒకటి!

1901 నుంచి ఉన్న లెక్కల్లో మన దేశానికి అత్యంత వేడి సంవత్సరం 2024. ఐరోపా అయితే ప్రపంచ సగటుకి దాదాపు రెట్టింపు వేగంతో వేడెక్కుతోంది. మనకి పూతా, చిగురా అన్నట్టే అక్కడ మంచా, వానా అన్న చిక్కు సున్నా డిగ్రీల దగ్గర: గాలి అంతకన్నా కాస్త వెచ్చబడితే చాలు, మంచుగా రాలాల్సింది వానగా పడుతుంది.

మళ్లీ మామిడికొస్తే, ఇక్కడ పూత ఆలస్యమైతే కొందరు రైతులు పొటాషియం నైట్రేట్ పిచికారీ చేస్తారు. అయితే ఆకులు ముదరని కొమ్మ ఆ మందుకి లొంగదు.