తుపాకీ కుందా

తుపాకీ కుందా అనగా తుపాకీ గొట్టమును, కాల్చు యంత్రాంగమును పట్టి ఉంచే కొయ్య భాగము. ఆంగ్లంలో దీనిని స్టాక్ అంటారు. తెలంగాణలో ఉర్దూ ప్రభావం వలన "కుందా" అన్న మాట వాడుకలోకి వచ్చింది. భుజానికి ఆనించే వెనుక భాగాన్ని తెలుగులో "మడమ" అంటారు. పాత కుందా పగిలినప్పుడు, నూనె పీల్చి మెత్తబడినప్పుడు, లేదా కాల్చేవారి శరీర కొలతకు సరిపోనప్పుడు కొత్తది అమర్చవలసి వస్తుంది. చూడటానికి ఇది వడ్రంగం పనివలె కనిపించినా, గురి తప్పడానికీ, ఒక్కొక్కసారి కాల్చేవారు గాయపడటానికీ సరిగా అమరని కుందాయే కారణమవుతుంది. జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల చరిత్ర, అడవులు, వాతావరణం నేపథ్యంగా కొయ్య ఎంపికను, అమరిక పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

చారిత్రక నేపథ్యం

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడ్డాయి. నిజాం కాలంలో ఇక్కడ గద్వాల, వనపర్తి, జటప్రోలు (కొల్లాపూర్) సంస్థానాలు ఉండేవి. వీటికి సొంత బలగాలు ఉండేవి. వనపర్తి పాలకుడు మొదటి రాజా రామేశ్వరరావు ఆఫ్రికా సంతతి వారితో ప్రత్యేక అంగరక్షక దళాన్ని ఏర్పాటు చేశాడు. 1866లో ఆయన మరణానంతరం ఆ దళం నిజాం సైన్యంలో కలిసింది. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ అనే ప్రాంతానికి ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వలన వచ్చినదే. 1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైంది. 1949లో జాగీర్దారీ వ్యవస్థ రద్దయింది. వనపర్తి రాజప్రాసాదంలో తరువాతి కాలంలో ప్రభుత్వ పాలిటెక్నిక్ కళాశాల నెలకొన్నది.

దక్కనులో తొలుత వాడిన ఒత్తి తుపాకులకు సన్నని, దాదాపు నిటారైన కుందా ఉండేది. మడమ అడ్డుకోత తరచుగా పంచభుజి ఆకారంలో ఉండేది. గొట్టాన్ని కొయ్యకు లోహపు పట్టీలతోనో, పచ్చి తోలు పట్టెలతోనో బిగించేవారు. మందు బలం పెరిగి వెనుదన్ను ఎక్కువైన కొద్దీ మడమ వెడల్పయింది, కిందికి వంగింది. నేడు మనం చూసే ఆకారం ఆ మార్పు ఫలితమే.

ఇరవయ్యవ శతాబ్దంలో భారతదేశంలో ఎక్కువగా కనిపించినది లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారంలో దీనిని తయారు చేసేవారు. 1960 దశకంలో అదే నమూనాపై 7.62 మి.మీ. 2ఎ, 2ఎ1 రైఫిళ్ళు వచ్చాయి. పౌరులకు .303 నిషిద్ధ శ్రేణి కనుక, లైసెన్సుదారులలో .315 స్పోర్టింగ్ రైఫిల్ వ్యాప్తి చెందింది. దీని యంత్రాంగం కూడా లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతిదే. ఇషాపూర్ కర్మాగారం 2021 అక్టోబరు 1 నుండి అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థలో భాగమైంది.

చట్టం

ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల తయారీ, అమ్మకం, మార్పు, మరమ్మత్తు వంటి పనులను వ్యాపారంగా చేయడానికి ప్రత్యేక లైసెన్సు అవసరం. కాబట్టి ఊరి వడ్రంగి చేత తుపాకీకి కొయ్య వేయించుకోవడం ఆ వడ్రంగిని కూడా చిక్కుల్లో పడవేస్తుంది. ఈ మూడు జిల్లాలలో పోలీసు కమిషనరేట్లు లేనందున లైసెన్సు వ్యవహారాలు జిల్లా కలెక్టరు పరిధిలో ఉంటాయి. 2019 సవరణ తరువాత ఒక వ్యక్తి సాధారణంగా రెండు తుపాకులకు మించి కలిగి ఉండరాదు.

పూర్వీకుల నుండి వచ్చిన పాత తుపాకుల విషయంలో జాగ్రత్త అవసరం. మరమ్మత్తు చేసినా పేలని, పురాతన విలువ గల ఆయుధాలకు 45వ సెక్షన్ కొంత మినహాయింపు ఇస్తుంది. అయితే అటువంటి తుపాకీ నిజంగా పేలదని సొంతంగా నిర్ణయించుకొనరాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వలన అడవి జంతువుల వేట నిషిద్ధం. నల్లమలలో నాటు తుపాకీతో తిరగడం రెండు చట్టాల క్రిందా నేరమే.

కుందా భాగాలు

* మడమ: భుజానికి ఆనే భాగం. చివర లోహపు లేదా రబ్బరు పలక ఉంటుంది.
* చెంప అంచు: గురి చూసేటప్పుడు చెంప ఆనే పై అంచు.
* మెడ: చేతితో పట్టుకునే సన్నని భాగం. కుందాలో అత్యంత బలహీనమైన చోటు ఇదే.
* గూడు: యంత్రాంగం కూర్చునే తొలిచిన భాగం.
* ముందు కొయ్య: గొట్టం కింద ఉండే భాగం.

కొన్ని రైఫిళ్ళలో ఇవన్నీ ఒకే కొయ్యలో ఉంటాయి. లీ ఎన్‌ఫీల్డ్‌లో మడమ, ముందు కొయ్య వేరువేరు. మధ్యలో లోహపు సాకెట్ ఉండి, మడమ లోపలి నుండి వెళ్ళే పొడవాటి బోల్టు రెంటినీ కలుపుతుంది.

కొయ్య ఎంపిక

కుందాకు పనికివచ్చే కొయ్యకు నాలుగు గుణాలు కావలెను: దెబ్బకు చీలకపోవడం, తేమకు తక్కువగా ఉబ్బడం, మరీ బరువు కాకపోవడం, ఉలికి లొంగడం. ఈ నాలుగూ సమపాళ్ళలో ఉండుట వలననే అక్రోటు (వాల్‌నట్) ప్రపంచమంతటా ప్రథమ స్థానం పొందింది. ఇది కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండలలో పెరుగుతుంది, దక్కనులో పెరగదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అక్రోటు చాలక బీచ్, బర్చ్ కొయ్యలను వాడారు. జర్మనులు పలుచని పొరలను అతికించిన కొయ్యను వాడారు. పొరల కొయ్య అందంలో తక్కువైనా వంకర పోవడం తక్కువ.

స్థానికంగా లభించే కొయ్యల గుణదోషాలు ఇలా ఉంటాయి.

* టేకు: వాతావరణ మార్పులకు బాగా తట్టుకుంటుంది, చెద పట్టదు. కాని నార వెంబడి చీలే గుణం ఉంది. సహజ నూనె వలన జిగురు సరిగా అంటదు. అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి.
* జిట్రేగి (ఇరుగుడు): బలమైనది, అందమైనది, బరువైనది. అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ (సైటెస్) జాబితాలో ఉన్నందున కొనుగోలుకు సరైన పత్రాలు ఉండాలి.
* శిస్సు (శీషం): ఉత్తర భారతంలో కుందాలకు వాడుక ఎక్కువ. గట్టిది, మెరుగు బాగా వస్తుంది.
* నల్లతుమ్మ: బండి చక్రాలకు, నాగళ్ళకు పేరుపొందినది. దెబ్బకు తట్టుకుంటుంది గాని బరువెక్కువ. సరిగా ఆరకపోతే పగుళ్ళు పడుతుంది.
* చిరుమాను: గొడ్డలి కామలకు శ్రేష్ఠం. ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది కనుక గూడు అమరిక నిలవదు.

అడవి నుండి కొయ్య తెచ్చుకోవడం నేరం. నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉంది. సొంత పొలంలోని చెట్టు నరకడానికి కూడా 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం అనుమతి కావాలి. బిల్లు గల టింబర్ డిపో కొయ్యను, లేదా లైసెన్సు గల ఆయుధ వ్యాపారి వద్ద సిద్ధంగా దొరికే కుందాను తీసుకోవడమే మేలు.

నార వరుస

కొయ్య జాతి కంటె నార నడిచే దిశ ముఖ్యం. పక్క నుండి చూచినప్పుడు మెడ భాగంలో నార గీతలు మెడ పొడవునా సాగాలి. గీతలు మెడను ఏటవాలుగా కోసుకుంటూ పోతే, వెనుదన్ను తగిలినప్పుడు కొయ్య ఆ గీత వెంబడే చీలుతుంది. ఎంత చక్కని చారలున్నా అటువంటి దుంగను తిరస్కరించాలి. చారల అందం మడమ వెనుక భాగంలో ఉంటే చాలు. మెడలోను, గూడు చుట్టూ నిటారు నార కావాలి. ముడులు, తెల్ల చెక్క, పురుగు రంధ్రాలు ఉండరాదు. చేవదేరిన కర్రనే ఎంచుకోవాలి.

ఆరుదల

పచ్చి కొయ్య నీడన, గాలి ఆడే చోట ఆరాలి. ఒక అంగుళం మందానికి సుమారు ఒక సంవత్సరం అన్నది పనివారి లెక్క. కొనలకు మైనం పూస్తే పగుళ్ళు రావు. నెలనెలా తూచి, బరువు తగ్గడం ఆగితే ఆరినట్లు గ్రహించవచ్చు. కుందా పనికి తేమ సుమారు 8-12 శాతం మధ్య ఉండటం మంచిది.

ఈ జాగ్రత్త ఎందుకో ఒక లెక్కతో తెలుస్తుంది. టేకు పచ్చి స్థితి నుండి పూర్తిగా ఎండే వరకు, అంటే తేమ సుమారు 30 శాతం నుండి సున్నాకు చేరేసరికి, వలయాల దిశలో 5-6 శాతం కుంచించుకుపోతుంది. ఒక్కొక్క శాతం తేమకు ఇది దాదాపు 0.2 శాతం. గద్వాల, వనపర్తి ప్రాంతాలలో ఎండాకాలం ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, వానాకాలంలో గాలి చెమ్మగిల్లుతుంది. ఈ రెంటి మధ్య కొయ్య తేమ 4 శాతం మారిందనుకుంటే, 50 మి.మీ. వెడల్పు గల కొయ్య 0.4 మి.మీ. మారుతుంది. గొట్టానికి, కొయ్యకు మధ్య ఉంచే సందు అంతకు కొంచెమే ఎక్కువ. వేసవిలో సరిచేసుకున్న గురి వానాకాలంలో తప్పడానికి ఇది ఒక ముఖ్య కారణం.

కొలతలు

ట్రిగ్గర్ నుండి మడమ చివరి వరకు ఉన్న దూరాన్ని పట్టు పొడవు అంటారు. పెద్దవారికి ఇది సాధారణంగా 13.5 నుండి 14 అంగుళాలు. మోచేతిని లంబకోణంలో మడిచి, మడమను మోచేతి మడతలో ఆనిస్తే చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌ను అందుకోవాలి. పొడవు ఎక్కువైతే మడమ బట్టలకు తట్టుకుంటుంది. తక్కువైతే బొటనవేలు ముక్కుకు, దుర్భిణి కనుబొమకు తగిలి గాయం చేస్తుంది. లీ ఎన్‌ఫీల్డ్ మడమలను అందుకే వేరువేరు పొడవులలో, సుమారు అర అంగుళం తేడాతో తయారు చేసేవారు.

చెంప అంచు ఎత్తు కూడా సరిపోవాలి. కళ్ళు మూసుకుని తుపాకీ భుజానికెత్తి, చెంప ఆనించి కళ్ళు తెరిచినప్పుడు గురి సూటిగా కనిపించాలి. క్రీడా రైఫిళ్ళలో ఈ ఎత్తును, పొడవును మరలతో మార్చుకునే వీలుంటుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో అటువంటి సర్దుబాటు కుందాలే వాడతారు.

అమర్చే విధానం

ఈ పనిని లైసెన్సు గల మరమ్మత్తుదారు చేస్తాడు. పని సరిగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి యజమానికి కూడా క్రమం తెలిసి ఉండాలి.

# ముందుగా మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీగా ఉన్నదని కంటితోను, వేలితోను చూడాలి. తూటాలు ఆ గదిలోనే ఉండరాదు.
# పాత కుందాను జాగ్రత్తగా విప్పాలి. లీ ఎన్‌ఫీల్డ్ ఎస్.ఎం.ఎల్.ఇ. రకంలో ముందు కొయ్యను మొదట తీసి, తరువాతే మడమ బోల్టు తిప్పాలి. బోల్టు చదరపు కొన ముందు కొయ్యలోని పలకలో ఇమిడి ఉంటుంది. వరుస తప్పి బోల్టు తిప్పితే ముందు కొయ్య చీలుతుంది. బిగించేటప్పుడు మడమ మొదట, ముందు కొయ్య తరువాత.
# కొత్త కొయ్యపై మధ్యగీత గీసి, అన్ని కొలతలూ దాని నుండే తీసుకోవాలి.
# గూడును కావలసిన దానికంటె చిన్నదిగా తొలచాలి. లోహపు భాగానికి దీపపు మసిని నూనెలో కలిపి పలుచగా పూసి, గూటిలో ఉంచి తీస్తే తగిలిన చోట నల్లని మచ్చ పడుతుంది. మచ్చ ఉన్న చోటనే ఉలితో లేదా ఆకురాతితో కొద్దిగా తీయాలి. మచ్చలు గూడంతటా సమంగా పడే వరకు ఇదే పని. ఓర్పు కావలసినది ఇక్కడే.
# వెనుదన్నును మోసే లోహపు మెట్టు వెనుక ముఖం కొయ్యకు పూర్తిగా ఆనాలి. యంత్రాంగం తోక వెనుక మాత్రం సుమారు అర మి.మీ. సందు ఉండాలి. ఈ సందు లేకపోతే దెబ్బంతా తోక మీద పడి మెడ చీలుతుంది.
# గొట్టం కొయ్యకు తగలకుండా ఉండే రకాలలో కాగితపు పట్టీ గొట్టం కింద తేలికగా జరగాలి. లీ ఎన్‌ఫీల్డ్ వంటి వాటిలో ముందు కొయ్య కొన గొట్టాన్ని కొద్దిగా పైకి నొక్కాలి. ఒకదాని పద్ధతిని మరొకదానికి వర్తింపజేయరాదు.
# గూడులో మిగిలిన చిన్న లోపాలను ఎపాక్సీ పోసి సరిచేయవచ్చు. లోహానికి ముందుగా మైనం పూయకపోతే అది శాశ్వతంగా అతుక్కుపోతుంది.

ఇషాపూర్‌లో తయారైన అనేక రైఫిళ్ళలో ముందు కొయ్య చీలకుండా అడ్డంగా ఒక మర బిగించి ఉంటుంది. కొత్త కొయ్యలో కూడా దీనిని ఉంచడం మంచిది.

నూనె, మెరుగు

గరుకు కాగితంతో నార వెంబడి రుద్ది, తడి గుడ్డతో తుడిచి, లేచిన నారను మళ్ళీ రుద్దాలి. ఆపై అవిసెనూనెను పలుచని పూతలుగా, ఒక్కొక్క పూత పూర్తిగా ఆరిన తరువాత మరొకటి వేయాలి. పచ్చి అవిసెనూనె ఆరడానికి చాలా రోజులు పడుతుంది. మరిగించిన (బాయిల్డ్) రకం త్వరగా ఆరుతుంది. గూడు లోపల, మడమ పలక కింద కోత కొనలకు కూడా నూనె పట్టించడం తప్పనిసరి. తేమ ఎక్కువగా చొరబడేది అక్కడి నుండే. అవిసెనూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి పడవేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. వాటిని విడదీసి ఆరుబయట పరచాలి లేదా నీటిలో ముంచాలి.

పరీక్ష, సంరక్షణ

అమరిక పూర్తయ్యాక అనుమతి గల ఫైరింగ్ రేంజిలో మాత్రమే కాల్చి చూడాలి. కొన్ని తూటాల తరువాత మరలు మళ్ళీ బిగించి, మెడను, తోక వెనుక భాగాన్ని భూతద్దంతో పరిశీలించాలి. వెంట్రుక వంటి బీట కనిపించినా కాల్చడం ఆపివేయాలి. తుపాకీని మూతి కిందికి ఉండేట్లు నిలబెడితే గొట్టానికి పూసిన నూనె మెడలోకి దిగదు. పాత తుపాకుల కొయ్య మెత్తబడటానికి ఏళ్ళ తరబడి దిగిన ఈ నూనెయే సాధారణ కారణం.

పాత కుందాను పారవేయరాదు. దానిపై ఉన్న ముద్రలు, సంఖ్యలు ఆ తుపాకీ చరిత్రకు ఆధారాలు. నూరేళ్ళు దాటిన వస్తువైతే కొయ్య మార్చడానికి బదులు, చీలికను జిగురుతోను, చెక్క మేకులతోను అతికించి అలాగే ఉంచడం ఉత్తమం. అటువంటి తుపాకీ ప్రదర్శనకే గాని కాల్చడానికి కాదు.

ఇవి కూడా చూడండి

* గద్వాల సంస్థానం
* వనపర్తి సంస్థానం
* జటప్రోలు సంస్థానం
* నల్లమల అడవులు
* టేకు